పుట్టింటికి వచ్చిన గూడబాతులు

మా నెల్లూరు వైపు చలి గురించి చెబితే పై జిల్లాలవాళ్ళు నవ్వుతారు. మాకు చలికాలమంటే ముందు వానలు. అక్టోబరులో మొదలై డిసెంబరు దాకా వాయుగుండాలూ, తుఫానులూ. సంక్రాంతి నాటికి వానలు వెనకబడి, చెరువులు నిండి, మిగతా జిల్లాల్లో కుప్పలు నూర్చే రోజుల్లో మాకు వరి ఇంకా పచ్చగా ఊగుతూ ఉంటుంది. తెల్లవారుజామున మంచు కురుస్తుంది. ఆ వానలతోపాటే మా చెరువులకీ, పులికాట్ సరస్సుకీ వేల పక్షులు వచ్చి దిగుతాయి. ఈ సంగతి నాకు కాపరానికి వచ్చిన ఏడాదినుంచే తెలుసు. చూసింది మాత్రం మొన్న జనవరిలో, కనుమ వెళ్ళిన నాలుగో రోజున బయల్దేరి. ఒక్కదాన్నే, మోటార్ సైకిల్ మీద.

"మోటార్ సైకిలా? స్కూటీ కాదూ?" అని మా ఎదురింటావిడ అడిగినట్టే మీరూ అడుగుతారని తెలుసు. మావారు 2008లో కొన్న హీరో హోండా స్ప్లెండర్ మా ఇంట్లో ఒక మనిషి కింద లెక్క. ఆయనకి మోకాళ్ళ నొప్పులు వచ్చి గేర్లు లేని స్కూటర్ కొనుక్కున్నాక, అది వసారాలో గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. అమ్ముదామంటే పాత ఇనుము ధర చెబుతున్నారు. ఆ డబ్బుకి అమ్మేకన్నా నేనే నేర్చుకుంటే పోలా అనిపించింది. చిన్నప్పుడు సైకిల్ తొక్కినవాళ్ళకి బండి నిలబెట్టడం కష్టం కాదు, క్లచ్చి వదిలేటప్పుడే కాస్త ఓపిక కావాలి. పాలు పొంగకుండా స్టవ్ మంట తగ్గించడం వచ్చిన చేతికి ఆ ఓపిక ఎక్కడికి పోతుంది? నెల రోజులు పొద్దున్నే గ్రౌండుకి వెళ్ళి నేర్చుకున్నాను, యాభై ఒకటో ఏట లైసెన్సు తీసుకున్నాను.

ఇక నేలపట్టే ఎందుకు అంటే, మా అత్తమ్మ వల్ల.

అత్తమ్మది దొరవారిసత్రం దగ్గర పల్లె. పక్షవాతం వచ్చి తొమ్మిదేళ్ళు మంచంలోనే ఉన్నారు. కుడి పక్కంతా పడిపోయినా మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఆ తొమ్మిదేళ్ళూ నేను ఒక్క రాత్రి కూడా ఇల్లు కదిలి ఎరగను. ఇది గొప్పగా చెప్పుకోవడం లేదు, సణుక్కోవడమూ లేదు. మీలో చాలామంది ఇళ్ళల్లో జరిగేదే. మధ్యాహ్నం ఒళ్ళు తుడిచి, చీర మార్చి, వీపుకి పౌడరు వేసేటప్పుడు ఆవిడ తన ఊరి చెరువు కబుర్లు చెప్పేవారు. "వానలు పడంగానే వస్తాయి మే గూడబాతులు. నీళ్ళల్లో చెట్ల మీద కాపరం పెడతాయి. మన ఊరి ఆడబిడ్డలు పురిటికొచ్చినారు, రాయేసినోడి చెయ్యి ఇరగ్గొడతా అనేవోడు మా నాయన."

అత్తమ్మకి ఆరు కాన్పులు. ఒక్క కాన్పుకైనా పుట్టింటికి పంపలేదట. అన్నీ నాట్ల రోజుల్లోనో, కోతల రోజుల్లోనో వచ్చాయి, ఇంట్లో మనిషి తక్కువవుతుందని ఆవిడ అత్తగారు కదలనివ్వలేదు. "పిట్టలొచ్చినాయి గానీ నేను పోలా" అనేవారు, నవ్వుతూనే. "నువ్వన్నా ఒకపారి చూసి రా మే." మొన్న మార్గశిరంలో ఆవిడ సంవత్సరీకం అయింది.

మావారు ప్రతి ఏడూ "వచ్చే ఏడు వెళ్దాం" అనేవారు. ఆ వచ్చే ఏడు ఇరవై ఏడేళ్ళుగా వస్తూనే ఉంది. ఈసారి నేనొక్కదాన్నే వెళ్తానంటే పేపరు దించి, "మూడు రోజులు నా భోజనం?" అన్నారు. కందిపొడి ఎక్కడుందో, చింతకాయ పచ్చడి ఎక్కడుందో, కుక్కరుకి ఎన్ని విజిళ్ళు రావాలో చూపించాను. ఆపైన మాట్లాడలేదు. పొద్దున లేచి చూస్తే బండి టైర్లలో గాలి కొట్టించి, చెయిన్‌కి నూనె పెట్టి ఉంచారు. మా ఇంట్లో అనుమతి అంటే అదే.

చలిలో బండి నడపబోయేవాళ్ళకి ఒక చిట్కా. స్వెట్టరు కింద, గుండెల మీద అడ్డంగా రెండు వార్తాపత్రికలు మడిచి పెట్టుకోండి. ఎంత ఖరీదైన కోటూ అంత బాగా గాలిని ఆపదు. ఎండెక్కాక తీసి పక్కన పెట్టుకుంటే చదువుకోవడానికీ, కూర్చోవడానికీ పనికొస్తాయి. చున్నీ ఇంట్లో వదిలి వెళ్ళండి. చెయిన్‌లో, చక్రంలో చున్నీ పడి జరిగిన ప్రమాదాల గురించి మీరూ వినే ఉంటారు. హెల్మెట్, చేతులకి ఉన్ని తొడుగులు, రెండు లీటర్ల నీళ్ళు, టార్చిలైటు, ఆధార్ కార్డు. తినడానికి పులిహోర, అరిసెలు. పండగ వెళ్ళాక అరిసెలు మిగలని ఇల్లుంటుందా? పక్కింటి అబ్బాయి దగ్గర దూరదర్శిని అరువు తెచ్చుకున్నాను.

ఉదయం ఆరింటికి బయల్దేరితే గూడూరు చేరేసరికి ఏడున్నర. నలభై కిలోమీటర్ల లోపే. లారీలు పోయే పెద్ద రోడ్డు కాబట్టి ఎడమ పక్కనే యాభై మీద నడిపాను. గూడూరంటే అందరికీ రైల్వే జంక్షనే తెలుసు. నాకు మాత్రం నిమ్మకాయలు. ఈ చుట్టుపక్కల తోటల కాయంతా ఇక్కడి మార్కెట్టుకే వచ్చి లారీల మీద దేశమంతా పోతుంది. బస్తాల పక్కన నిలబడి టీ తాగితే గ్లాసులో నిమ్మ పిండకపోయినా నిమ్మటీ తాగినట్టే ఉంటుంది. అక్కడే ఒకాయన నా బండిని, నన్ను మార్చి మార్చి చూసి, "ఎంత దూరమమ్మా?" అన్నాడు. వెంకటగిరి అన్నాను. "చీరలకా?" అన్నాడు వెంటనే. ఆడవాళ్ళు ఎక్కడికి వెళ్ళినా చీరలకేనని వీళ్ళ నమ్మకం. ఆ పూటకి నిజమూ అదేననుకోండి.

గూడూరు దాటి పెద్ద రోడ్డు వదిలేశాక ప్రయాణం అసలు రుచి తెలిసింది. ఒక పక్క చెరువుకట్ట, ఇంకో పక్క నిమ్మతోటలు. తీగల మీద పాలపిట్టలు. కూర్చున్నప్పుడు మట్టిరంగుగా, ఏమీ లేనట్టుంటుంది. ఎగిరిందా, రెక్కల్లో నీలం ఒక్కసారి తెరుచుకుంటుంది. మనకి దసరానాడు కనబడాలని ఆరాటపడే పిట్ట ఇదే. వేరుపడ్డాక పాలపిట్ట తెలంగాణకి రాష్ట్రపక్షి అయింది. ఆంధ్రప్రదేశ్ 2018లో రామచిలుకని పెట్టుకుంది. పిట్టలకి ఆ సంగతి చెప్పినట్టు లేరు, మా తీగల మీద హాయిగా కూర్చుని ఉన్నాయి. పల్లెల్లో వాకిళ్ళ ముందు పండగ ముగ్గులు సగం చెరిగి, గొబ్బెమ్మలు గోడల మీద పిడకలై ఎండుతున్నాయి. బండి చప్పుడుకి పిల్లలు పరిగెత్తుకొచ్చి, నేనని తెలిశాక "ఆడామెరా!" అని కేకలు. మొదటి రెండు ఊళ్ళలో సిగ్గేసింది. మూడో ఊళ్ళో నేనే హారను కొట్టాను.

వెంకటగిరిలో మా చిన్నత్తగారి కోడలు ఉంది, నాకు చెల్లెలి వరస. రాత్రి మకాం అక్కడ. మధ్యాహ్నం ఆ అమ్మాయి నన్ను మగ్గం ఇంటికి తీసుకెళ్ళింది. వెలుగోటి రాజుల కాలంనుంచి ఆదరణ ఉన్న నేత ఇది. 2011లో వెంకటగిరి చీరకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జాందానీ పని చూస్తే మాత్రం ఆ గుర్తింపు కాగితం ఏమూలకి అనిపిస్తుంది. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఆవిడ, పడుగు దారాల మధ్యన విడి దారాన్ని చేత్తో ఒక్కో పోగు కింద దూర్చి హంసని అల్లుతోంది. చీర తిప్పి చూస్తే వెనకవైపూ అదే హంస. వేలాడే పోగులుండవు, ఎదురు ఏదో తిరగ ఏదో పోల్చుకోలేం. కొనేటప్పుడు మీరు చూసుకోవలసింది ఇదే. వెనక దారాలు వేలాడితే అది జాందానీ కాదు.

"హంసని చూశారా ఎప్పుడన్నా?" అని అడిగాను. "ఏడ చూస్తాను? మా మామ గీసిచ్చిన కాయితంలో చూసినా" అంది. ఎర్ర అంచు బూడిదరంగు నూలు చీర ఒకటి తీసుకున్నాను. ఎందుకా రంగో అప్పుడు నాకే తెలియదు. మర్నాడు గూడబాతుల్ని చూశాక నవ్వొచ్చింది, అచ్చు ఆ బూడిదే.

రెండో రోజు నాయుడుపేట మీదుగా బయల్దేరాను. స్వర్ణముఖిలో కాళ్ళు తడుపుకునేంత నీళ్ళున్నాయి. నాయుడుపేటలో చెప్పుకోదగ్గది వేడివేడి దోసె, ఎర్రకారం. తిని మళ్ళీ పెద్ద రోడ్డెక్కి చెన్నై వైపు కాసేపు పోయాక, దొరవారిసత్రం దగ్గర బోర్డు చూసి లోపలికి తిరిగితే నేలపట్టు. ఈ ఊళ్ళన్నీ 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నెల్లూరునుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళాయి.

నేలపట్టు చెరువునీ, దాని చుట్టూ ఉన్న చిట్టడవినీ కలిపి 1976లో పక్షుల రక్షణ కేంద్రం చేశారు. మొత్తం 459 హెక్టార్ల దాకా ఉంటుంది. టిక్కెట్టు తీసుకుని కట్ట మీదికి నడిచాను. ముందు నాకు తెలిసింది పక్షులు కాదు, వాసన. చేపల బజారు సాయంత్రం కడగకుండా వదిలేస్తే ఎలా ఉంటుందో అలా. తరవాత చప్పుడు. వందల గొర్రెపిల్లలు ఒక్కసారి అరుస్తున్నట్టు. ఆ తరవాత కట్ట మలుపు తిరిగితే, నీళ్ళలో మొల లోతున నిలబడ్డ నీటి కడప చెట్లు, వాటి నిండా గూళ్ళు. చెట్టుకి ఆకు కనబడదు. రెట్టలతో కొమ్మలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడి ఉన్నాయి.

గూడబాతు అందగత్తె కాదు. ఒళ్ళంతా మాసిన బూడిదరంగు, పొట్టి కాళ్ళు, జానెడు పైన మరో అర జానెడుండే ముక్కు, ముక్కు మీద మచ్చలు, కింద వేలాడే తోలుసంచి. ఆ సంచి వల్లే ఆ పేరు. పూర్వం ఇద్దరు మనుషులు చెరో పక్కనా తాళ్ళు పట్టుకుని కాలవలోంచి పొలానికి నీళ్ళు చేదేవారు చూడండి, ఆ బుట్టని గూడ అంటారు. ఇది కూడా నీటితో సహా చేపని అలాగే చేదుతుంది. నీళ్ళు వంపేసి చేప మింగుతుంది. ఇంత ముక్కున్నా పెద్ద పక్షులు దాదాపు నోరెత్తవు. ఆ గోలంతా పిల్లలదే. ఈ సంగతి కూడా అత్తమ్మ చెప్పారు గానీ నేను నమ్మలేదు.

దూరదర్శిని పెట్టుకుని ఒక గూటినే పట్టుకున్నాను. మూడు పిల్లలున్నాయి, తెల్లటి నూగుతో. సాధారణంగా రెండునుంచి నాలుగు గుడ్లు పెడుతుంది, నెల రోజులు పొదుగుతుంది. పిల్లలు ఎగరడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది. అందుకే సంక్రాంతి తరవాత వెళ్తే పుట్టిన పిల్లలూ, పెరిగిన పిల్లలూ, ఇంకా పొదుగుతున్న తల్లులూ అన్నీ ఒక్కచోటే కనబడతాయి. చాలాసేపటికి పెద్ద పక్షి ఒకటి వచ్చి గూటి మీద వాలింది. పిల్ల తల్లి నోట్లోకి తల మాత్రమే కాదు, మెడదాకా దూర్చేసింది. తల్లి ఊగిపోతోంది. ఒకదాని తరవాత ఒకటి మూడూ అలాగే తిని, తల్లిని పక్కకి నెట్టాయి. మన పిల్లలే నయమనుకున్నాను.

ఇంతమంది పిల్లలకి కావలసిన చేప ఈ ఒక్క చెరువులో దొరకదు. అందుకే పెద్దవి పులికాట్ దాకా వెళ్ళి వస్తాయి. పొద్దున చలిలో కదలవు. ఎండ ముదిరి నేలమీది గాలి వేడెక్కి పైకి లేచాక, ఆ గాలిని పట్టుకుని సుళ్ళు తిరుగుతూ పైకి పోతాయి, రెక్క ఊపకుండా. పెట్రోలు ఆదా చేయడం వాటిని చూసి నేర్చుకోవాలి.

పక్క చెట్ల మీద నత్తగుల్ల కొంగలు. వీటి ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది, పోకచెక్క పట్టే అడకత్తెరలాగా. పుట్టినప్పుడు ఆ సందు ఉండదట, పెరిగేకొద్దీ ఏర్పడుతుందట. నీటికాకులు రెక్కలు చాపి బట్టలు ఆరేసినట్టు ఆరబెట్టుకుంటున్నాయి. తెల్ల కంకణాయిలు, తెడ్డుమూతి కొంగలు... ఇంకా చాలా ఉన్నాయి, పేర్లు మీకు అక్కడి బోర్డులే చెబుతాయి.

కట్ట మీద గొడుగు కర్రగా వాడుతూ నడుస్తున్న ఒక పెద్దాయన, నేను పొద్దుటినుంచీ ఒకేచోట కూర్చోవడం చూసి వచ్చి పలకరించాడు. అత్తమ్మ ఊరు పేరు, ఆవిడ తండ్రి పేరు చెప్పాను. "వాళ్ళ మనమరాలివా?" అన్నాడు. "కోడల్నండీ. ఆవిడ కోడల్ని" అన్నాను. కాసేపు లెక్క వేసుకుని, తెలుసనీ, చిన్నప్పుడు చూశాననీ చెప్పాడు. ఈ చెరువు నీళ్ళు కింద పొలాలకి పోతాయి. రెట్టలు కలిసిన నీళ్ళు కాబట్టి అదే ఎరువు. "పిట్టలు రాని ఏడు మాకు పంట కూడా అంతంతే" అన్నాడు. వానలు తప్పి చెరువు నిండకపోతే పక్షులు గూళ్ళు కట్టవు. చెట్టు చుట్టూ నీళ్ళుంటేనే పిల్లి, నక్క గూటి దాకా రాలేవు. నీళ్ళు లేని చెట్టు మీద పురుడు పోసుకోవడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? అంటే ఊరికి పిట్టలు చేసే ఉపకారం కన్నా, పిట్టకి చెరువు చేసే ఉపకారమే ముందు. ఆ చెరువుని పూడిపోకుండా, చెట్లు నరకకుండా ఈ చుట్టుపక్కల జనం ఉంచుకున్నారు కాబట్టి అత్తమ్మ చూసినవి నేను చూశాను.

ఐదున్నరకి వెలుగు పచ్చబడుతుండగా, పులికాట్ వైపునుంచి వరసలు వరసలుగా తిరిగి రావడం మొదలుపెట్టాయి. బారులు తీరి, మెడలు వెనక్కి ముడుచుకుని. ఒక్కొక్క వరస చెరువు మీదికి రాగానే విడిపోయి ఎవరి గూటికి అవి. అంత గుంపులో, అన్నీ ఒక్కలాంటి గూళ్ళలో, ఏ ఒక్కటీ తడబడలేదు. నాకు అత్తమ్మ కోసం ఏడుపొస్తుందేమో అనుకుంటూ వెళ్ళాను. రాలేదు. ఆవిడ పక్కనుంటే ఇప్పుడేమంటారో అని వింటూ కూర్చున్నాను, అంతే. చీకటి పడేలోగా సూళ్ళూరుపేట చేరాలని లేచాను.

ఇక ఆ రాత్రి సంగతి. ఒక లాడ్జిలో గది అడిగాను. కౌంటరులో అబ్బాయి ఆధార్ కార్డు చూసి, నా వెనక ఇంకెవరైనా వస్తారేమోనని చూసి, "జెంట్స్ ఎవరన్నా ఉంటేనే ఇస్తాం మేడమ్" అన్నాడు. నాకు యాభై ఒకటి బాబూ అన్నాను. "రూలు మేడమ్" అన్నాడు. ఏ పుస్తకంలో ఉంది ఆ రూలు చూపించమన్నాను. వాడు ఫోను చూసుకోవడంలో పడ్డాడు. రెండో చోటా ఇదే పాట. ఒంటరి ఆడదానికి గది ఇవ్వకూడదని ఏ చట్టంలోనూ లేదు. కానీ రాత్రి ఎనిమిదింటికి, హెల్మెట్ చేత్తో పట్టుకుని, చట్టం గురించి ఎంతసేపని మాట్లాడతాం?

ముందు అన్నం తిందామని బస్టాండు దగ్గర ఒక చిన్న మెస్సులో కూర్చున్నాను. వండేదీ, వడ్డించేదీ, డబ్బు తీసుకునేదీ ఒక్కావిడే. నలభై అయిదుంటాయేమో. నిన్నటి చేపల పులుసు వేసింది. మాగిన మామిడికాయ ముక్క వేసి, ఒక రాత్రి నిలవ ఉంచిన పులుసు. మా నెల్లూరు చేపల పులుసు వండిన రోజు కన్నా మర్నాడే బాగుంటుందని తెలియనివాళ్ళు ఇప్పుడు తెలుసుకోండి. లాడ్జి సంగతి చెప్పాను. చేతిలో గరిటె అలాగే పెట్టుకుని, "నా ఇంట్లో పడుకో అక్కా. వెనకే" అంది. "నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. సరిపోయింది గదా" అని నవ్వింది.

భర్త లేడు, కొడుకు శ్రీసిటీలో కంపెనీ పనికి పోతాడు. రాత్రి ఇడ్లీపిండి రుబ్బుతూ అడిగింది, ఇంత దూరం దేనికొచ్చావని. పిట్టల కోసమన్నాను. మళ్ళీ నవ్వింది. పాతికేళ్ళుగా సూళ్ళూరుపేటలో ఉంటోంది. నేలపట్టు ఇరవై కిలోమీటర్లు, పులికాట్ అయితే ఊరు దాటగానే. రెండూ చూడలేదట. 2001లో మొదలుపెట్టిన ఫ్లెమింగో పండగ, మధ్యలో కొన్నేళ్ళు ఆగి 2025 జనవరిలో మళ్ళీ జరిగినప్పుడు ఊరంతా జనం. "ఆ మూడు రోజులూ నాకు చెయ్యి ఖాళీ లేదక్కా. పిట్టల్ని చూసొచ్చినోళ్ళకి అన్నాలు పెడతానే ఉండా" అంది.

"పొద్దున నాతో రా" అన్నాను.

"ఇడ్లీ?"

"ఎన్నింటికి దించాలి?"

"ఏడున్నరకి మొదటి వాయి."

ఐదింటికే లేచాం. చెంగాళమ్మ గుడి ముందు బండి ఆపించి దండం పెట్టుకుంది. కాళంగి ఒడ్డున ఉన్న ఈ అమ్మవారి గుడికి రాత్రీ పగలూ తలుపు మూయరు. ఏ వేళకి వెళ్ళినా దర్శనమే. ఆడవాళ్ళకి గది ఇవ్వని లాడ్జీలున్న లోకంలో ఆ తలుపు సంగతి నాకు బాగా నచ్చింది.

సూళ్ళూరుపేటనుంచి శ్రీహరికోట వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సు మధ్యగా పోతుంది. మన దేశంలో ఒడిశాలోని చిలకా తరవాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. నదుల మంచినీళ్ళు ఒకవైపునుంచి, సముద్రపు ఉప్పునీళ్ళు ఒకవైపునుంచి వచ్చి కలుస్తాయి. పెద్దదే గానీ లోతు లేదు, చాలాచోట్ల మోకాలి లోతే. ఆ లోతు తక్కువ కావడమే పక్షులకి వరం. రోడ్డు తిన్నగా గీత గీసినట్టు, రెండు పక్కలా నీళ్ళు, పైన మంచు. ఎదురుగా ఏమీ కనబడదు. వెనక కూర్చున్న ఆవిడ నా స్వెట్టరు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. మొదట చలికనుకున్నాను. భర్త పోయాక ఇంకొకరి బండి ఎక్కడం ఇదే మొదలని తరవాత చెప్పింది.

అటకానితిప్ప దాటాక, మంచు పలచబడుతుండగా నీళ్ళ మీద ఒక గులాబీ గీత కనబడింది. బండి పక్కకి తీసి ఆపాను. ఆ గీత కదిలింది. రాజహంసలు. వందలుంటాయి. నాలుగైదు అడుగుల ఎత్తు, పుల్లల్లాంటి కాళ్ళు, తల తిరగేసి ముక్కు నీళ్ళలో పెట్టుకుని నడుస్తున్నాయి. కాళ్ళతో బురద తొక్కి కలిపి, ఆ నీళ్ళని నోట్లోకి తీసుకుని, నాలుకతో బయటికి తోసి, మిగిలిన నాచునీ పురుగునీ మింగుతాయి. మనం పిండి జల్లించినట్టే. ఆ నాచులోనూ, చిన్న రొయ్యల్లోనూ ఉండే రంగే వాటి ఒంటికి పడుతుంది. పిల్లలు బూడిదరంగులో పుడతాయి, తిండి వల్ల ఏళ్ళ మీద గులాబీ అవుతాయి. అయితే ఇవి ఇక్కడ గూళ్ళు పెట్టవు. మన దేశంలో వాటి పురిటిల్లు గుజరాత్‌లోని కచ్ఛ్. ఇక్కడికి తిండికే వస్తాయి.

ఎక్కడో కుక్క మొరిగింది. గుంపంతా ఒక్కసారి లేచింది. అప్పటిదాకా తెల్లగా, లేత గులాబీగా ఉన్న ఒంట్లోంచి రెక్కల కింద దాచుకున్న కుంకుమ ఎరుపు, నలుపు బయటపడ్డాయి. తల మీదుగా పోతుంటే రెక్కల గాలి వినపడింది. మెస్సావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుని, "ఇంత దగ్గరా?" అంది. అంతే అంది. ఏడున్నరకి ఇడ్లీ వాయి దించాం. నేనూ రెండు వాయిలు వడ్డించాను.

గది డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. అరిసెల డబ్బా ఇస్తే తీసుకుంది.

ఆవిడ దగ్గర సెలవు తీసుకుని మళ్ళీ సరస్సు గట్టుకే వెళ్ళాను. ఎండలో నడుంలోతు నీళ్ళలో వంగి కొందరు ఆడవాళ్ళు చేతులతో బురద తడుముతూ రొయ్యలు ఏరుతున్నారు. తాటాకు బుట్టని పళ్ళతో కరిచి పట్టుకున్నారు, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా. యానాదులు. శ్రీహరికోట దీవి తరతరాలుగా వాళ్ళు ఉండిన చోటు. 1971లో మొదటి రాకెట్టు ఎగిరిన కేంద్రం అక్కడికి వచ్చాక చాలా కుటుంబాలు దీవి వదలవలసి వచ్చింది. ఒడ్డుకొచ్చిన ఒకావిడ బుట్ట చూపించింది. గుప్పెడు కూడా లేవు. "ముఖద్వారం పూడిపోయినాక రొయ్య యాడొస్తాది?" అంది. సముద్రానికీ సరస్సుకీ మధ్య ఉన్న ద్వారాలు ఇసక మేటలు వేసి మూసుకుపోతుంటాయి. రాయదొరువు దగ్గరా అంతే. సముద్రపు నీరు లోపలికి రాకపోతే రొయ్యపిల్ల రాదు, చేపా రాదు. ఎండాకాలానికి నీళ్ళు తగ్గి మైళ్ళకొద్దీ బురద ఎండుతుంది. ఈవిడకి రొయ్య లేకపోతే గూడబాతుకి చేప ఉంటుందా? నేలపట్టు గూటిలో మూడు పిల్లలు మెడదాకా దూరి తిన్నది ఈ నీళ్ళలోదే మరి. పిట్టల పండగకి వచ్చేవాళ్ళెవరూ ఈవిడని పలకరించినట్టు లేదు. పావుకిలో రొయ్యలు కొన్నాను. అడిగినంతా ఇచ్చాను, బేరమాడలేదు.

తడ దాకా పోయి, భీములవారిపాళెంలో పడవ ఎక్కి ఇరకం దీవి వైపు కాస్త తిరిగి వచ్చాను. బాగుంది గానీ, ఆ తెల్లవారుజాము చూసిన కళ్ళకి ఆనలేదు. మధ్యాహ్నం తిరుగుముఖం పట్టి చీకటి పడేలోగా ఇల్లు చేరాను. మొత్తం మూడు వందల నలభై కిలోమీటర్ల చిల్లర. పెట్రోలు ఆరు లీటర్లు. మావారు మూడు పూటలూ వండుకున్నారు, నాలుగో పూట హోటలుకి వెళ్ళారు.

వెళ్ళదలచినవాళ్ళు డిసెంబరు చివరినుంచి ఫిబ్రవరి లోపల, పండగ రోజులూ ఆదివారాలూ వదిలేసి వెళ్ళండి. నేలపట్టుకి సాయంత్రం, పులికాట్‌కి తెల్లవారుజాము. బండి రానివాళ్ళకి సూళ్ళూరుపేట దాకా రైళ్ళూ బస్సులూ ఉన్నాయి, అక్కడినుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. ముదురు రంగు బట్టలు కట్టుకుని, గూళ్ళ దగ్గర గట్టిగా మాట్లాడకుండా ఉంటే చాలు. శ్రీహరికోట గేటు దాకా పోనక్కరలేదు, దానికి ముందే అంతా కనబడుతుంది.

శివరాత్రికి ముందు మెస్సావిడ ఫోను చేసింది. ఒక మధ్యాహ్నం పొయ్యి ఆర్పేసి, చెల్లెల్ని వెంటబెట్టుకుని నేలపట్టు వెళ్ళొచ్చిందట. "నువ్వు చెప్పిన గూళ్ళు చూసినా అక్కా. పిల్లలు రెక్కలు కొట్టుకుంటా, కొమ్మ మీంచి కొమ్మకి దూకతా ఉండాయి" అంది.